పొద్దున కళ్ల చుట్టూ వాపు: దుమ్మా, తొక్కులా, మూత్రపిండాలా?

ప్రశ్న: నా వయసు 46. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ యార్డులో బస్తాల దగ్గరే పని చేస్తాను. మూడు నెలలుగా పొద్దున లేచేసరికి రెండు కళ్ల చుట్టూ ఉబ్బి ఉంటున్నది, మధ్యాహ్నానికి తగ్గిపోతున్నది. దురద లేదు. దుమ్ము వల్లనేనని తోటివారు, తొక్కులు ఎక్కువ తినడం వల్లనని మా అమ్మ అంటున్నారు. మోకాళ్ల నొప్పులకు రెండేళ్లుగా మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కొని వాడుతున్నాను. ఇది కంటి జబ్బేనా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీరు చెప్పిన తీరును బట్టి ఇది కంటి జబ్బు కాకపోవచ్చు. కనురెప్పల చర్మం శరీరమంతటిలోకీ పలుచనిది; దాని కింది కణజాలం వదులుగా ఉంటుంది కాబట్టి ఒంట్లో నీరు కాస్త ఎక్కువైనా ముందుగా అక్కడే కనబడుతుంది. రాత్రంతా పడుకొని ఉన్నప్పుడు ఆ నీరు ముఖం వైపు చేరుతుంది, లేచి తిరుగుతుంటే కాళ్లవైపు దిగుతుంది. మధ్యాహ్నానికి వాపు తగ్గడానికి కారణం అదే.

మిర్చి ఘాటు వల్ల వచ్చేదైతే కళ్లు మండి, ఎర్రబడి, నీళ్లు కారుతూ, పనిలో ఉన్న గంటల్లోనే ఎక్కువ కావాలి. మీకు అందుకు భిన్నంగా ఉంది. అమ్మగారి మాటలో మాత్రం కొంత నిజముంది: పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుండగా, పూటపూటకూ తొక్కు కలుపుకొనే ఇంట్లో ఆ లెక్క సులువుగా దాటిపోతుంది. అయితే మూడు నెలలుగా విడవని వాపును తొక్కుల మీదికే నెట్టివేయడం నాకు సమ్మతం కాదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీరు చివర రాసిన నొప్పి మాత్రల సంగతి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి ఉప్పును, నీటిని శరీరంలో నిలిపి ఉంచుతాయి, రక్తపోటును పెంచుతాయి, ఏళ్ల తరబడి వాడితే మూత్రపిండాలను దెబ్బతీయగలవు. మూత్రపిండాల వడపోత చెడితే రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలో పోతుంది. రక్తనాళాల్లో నీటిని పట్టి ఉంచే పదార్థాల్లో అదే ముఖ్యమైనది కాబట్టి, అది తగ్గిన కొద్దీ నీరు కణజాలంలోకి జారుతుంది. మూత్రంలో నురగ వచ్చి చాలాసేపు నిలుస్తున్నదా, సాయంత్రం కాలి ఎముక మీద బొటనవేలితో కొన్ని క్షణాలు అదిమితే గుంట పడుతున్నదా చూసుకోండి. ఈ రెండూ లేకపోయినా పరీక్ష మానవద్దు.

థైరాయిడ్ తగ్గినప్పుడు కూడా కళ్ల చుట్టూ ఉబ్బుతుంది. అది సాధారణంగా నొక్కితే గుంట పడని వాపు, దానితో పాటు నీరసం, చలికి తట్టుకోలేకపోవడం ఉంటాయి. వయసుతో కంటి కింద కొవ్వు ముందుకు వచ్చి ఏర్పడే సంచులు వేరు. అవి పొద్దునా సాయంత్రమూ దాదాపు ఒకేలా ఉంటాయి.

కాబట్టి ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ ఫిజీషియన్‌ను కలవండి. వారు రక్తపోటు చూసి, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపేది) పరీక్షలు రాయవచ్చు. వాడుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్లండి. వాటిని ఆపి మోకాళ్లకు వేరే మార్గం అడగండి. నీరు దిగే మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. ఎప్పుడైనా ఒక్క కన్నే ఎర్రగా వాచి, జ్వరం వచ్చి, కన్ను కదిలిస్తే నొప్పి కలిగినా, చూపు తగ్గినా, ఒకటి రెండుగా కనబడినా అది కంటి గూటిలో ఇన్ఫెక్షన్ కావచ్చు. అప్పుడు తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.