‘నిండు శూన్యం’ తప్పా, ఒప్పా?

మీరు రెండు సంగతులు అడిగారు. పొసగని రెండు మాటలను పక్కపక్కన పెట్టడాన్ని ఇంగ్లీషులో ఆక్సీమొరాన్ అంటారు. అదీ మన విరోధాభాసాలంకారమూ ఒకటేనా అన్నది మొదటిది. మీ కవితలోని ‘ఆసుపత్రి వరండాలో చీకటివెలుగులు’ అన్న పాదం ఆ కోవలోకి వస్తుందా అన్నది రెండవది. వస్తుందని చెప్పలేను. ఎందుకో చెప్పే ముందు నేను చేసిన ఒక పొరపాటు గురించి చెప్పాలి. ఈ తేడా నాకు దాని వల్లే తెలిసింది.

1989లో విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. సీసపు అక్షరాల కంపోజింగు. గుంటూరు నుంచి ఒక రిటైరైన తెలుగు మాస్టారు కవితలు అచ్చుకు ఇచ్చారు. భార్య పోయిన ఏడాది రాసుకున్నవి. ఒకచోట ‘ఆమె లేని ఇంట్లో నిండు శూన్యం’ అని ఉంది. కంపోజిటరు పొరబడ్డాడనుకుని, రాతప్రతి తీసి చూడకుండానే కొమ్ము కొట్టేసి దీర్ఘం పెట్టాను. ‘నిండా శూన్యం’ అయింది. చదవడానికి హాయిగా ఉంది కూడా.

ఫారాలన్నీ అచ్చయ్యాక మాస్టారు వచ్చి చూసుకున్నారు. కోప్పడలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, “నిండా అంటే కొలత, నాయనా. గది నిండా పొగ అన్నట్టు. నేను రాసింది నిండు. నిండు చూలాలు అంటాం, నిండు కృష్ణ అంటాం, ఆ నిండు. మా ఇంట్లో శూన్యానికి నెలలు నిండాయి” అన్నారు. పుస్తకం చివర తప్పొప్పుల పట్టికలో ఒకే ఒక్క వరుస వేశాం. ఆ వరుసను ఎవరు చదివి ఉంటారని ఇప్పటికీ బాధపడతాను.

ఆక్సీమొరాన్ అంటే ఆయన రాసిన ‘నిండు శూన్యం’ లాంటిదే. ‘నిండు’లో లోటు లేదు, ‘శూన్యం’లో ఏమీ లేదు. రెండూ ఒకే ఇంటి గురించి, ఒకే క్షణంలో నిజం. ఒకటి రెండవదాన్ని కొట్టివేయదు, రెండూ రాజీపడవు. ఆ పేరు కూడా అలాంటిదే. గ్రీకు భాషలో ఆక్సిస్ అంటే పదునైనది, మోరోస్ అంటే మొద్దు, తెలివితక్కువది. రెండూ కలిస్తే ‘పదునైన మొద్దు’. నేను దీన్ని తెలుగులో విరుద్ధోక్తి అని రాస్తాను.

మన విరోధాభాసం దీనికి దగ్గరి చుట్టమే గానీ ఇదే కాదు. 16వ శతాబ్దపు అప్పయ్య దీక్షితులు కువలయానందం అనే సంస్కృత అలంకార గ్రంథంలో ‘ఆభాసత్వే విరోధస్య విరోధాభాస ఇష్యతే’ అన్నారు. విరోధం ఉత్త ఆభాసమైతే అది విరోధాభాసం అని. ఆభాసం అన్న మాట పట్టుకోండి. విరోధం ఉన్నట్టు తోస్తుంది, రెండో అర్థం తట్టగానే విడిపోతుంది. ‘మంటను చల్లగా దాచే ఊరు గుంటూరు’ అన్నామనుకోండి. మంటను చల్లగా దాచడమేమిటని ఒక్క క్షణం ఆగుతాం. మంట అంటే మిరపకాయ మంట, దాచేది కోల్డ్ స్టోరేజీల్లో అని తెలియగానే ముడి విడిపోయింది. మాస్టారి ముడి అలా విడిపోదు. ఎన్నిసార్లు చదివినా ఆ ఇల్లు నిండుగానూ శూన్యంగానూ ఉంటుంది. విరోధాభాసం చాలావరకు శ్లేష మీద, అంటే ఒకే మాటకు రెండర్థాలు రావడం మీద, నడిచే చమత్కారం, అందుకు వాక్యం కావాలి. విరుద్ధోక్తికి పక్కపక్కన రెండు మాటలు చాలు.

ఇంట్లో వాడే మాటల్లోనూ ఇవి ఉన్నాయి, కానీ అరిగిపోయాయి. నాన్నకు ఇద్దరు అన్నలుంటే రెండో ఆయన చిన్న పెదనాన్న. గుంటూరు కొత్తపేటలో పాతబడిన ఇళ్లున్నాయంటే ఎవరూ ఆశ్చర్యపోరు. జీవచ్ఛవం అన్న మాటను మాత్రం నేను ఊరికే వాడలేను. బతికి ఉన్న శవం అని విడదీసి చదివితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇక మీ చీకటివెలుగులు. కష్టసుఖాలు, రాత్రింబవళ్లు వంటిదే ఇదీ, ద్వంద్వ సమాసం. చీకటి వేరు, వెలుగు వేరు. ఒకటి పోయాక ఒకటి వస్తుంది. అందుకే బహువచనం. ఎదురుబొదురు మాటలు పక్కన చేరితే చాలనుకోవడం చాలామంది చేసే పొరపాటు. శీతోష్ణస్థితి అన్నప్పుడు చలీ వేడీ వేరువేరు. అదే శీతోష్ణ జలం అంటే ఒకే నీరు చల్లగానూ వేడిగానూ ఉందని. ఇది విశేషణ ఉభయపద కర్మధారయం. విరుద్ధోక్తికి ఇదే దగ్గర, ఎందుకంటే రెండు గుణాలూ ఒకే వస్తువు మీద వాలాయి. కాకపోతే గోరువెచ్చనలో అవి రాజీపడిపోయాయి.

అందుకని చివరి ‘లు’ తీసి చూడండి. ‘ఆసుపత్రి వరండాలో చీకటి వెలుగు.’ ఇప్పుడు ఒకటే వెలుగు, అదే చీకటి. అయితే అందంగా ఉందని తీయకండి. ఆ రాత్రి ట్యూబులైటు ఆరుతూ వెలుగుతూ ఉండటమే మీరు చూసినదైతే ‘లు’ ఉండాల్సిందే. దీపం తెల్లవార్లూ వెలుగుతూనే ఉన్నా మీకు ఏ దారీ కనిపించకపోతే తీసేయండి. అప్పుడు రాతప్రతిలో ఆ పాదం పక్కన ‘ఉన్నది ఉన్నట్టే’ అని రాసి మరీ అచ్చుకు ఇవ్వండి. లేకపోతే నాలాంటి వాడెవడో మళ్లీ ‘లు’ చేర్చి పెడతాడు.