తండ్రి వృత్తి: టిఫిన్ బండి

ప్రశ్న: విజయవాడ కృష్ణలంకలో టిఫిన్ బండి నడుపుతున్నాను. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. సైన్యంలో ఆఫీసర్లను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ) పరీక్ష రాస్తానంటున్నాడు. ‘ఆఫీసరు ఉద్యోగాలు కల్నళ్ళ కొడుకులకే, మనవాళ్ళు పోతే జవాన్లుగానే’ అంటున్నాడు మా బావమరిది. నిజమేనా?

జవాబు: మీ బావమరిది మాటలో కొంత నిజం ఉంది. సైనిక కుటుంబాల పిల్లలు ఈ ఎంపికకు చిన్నప్పటి నుంచే తయారవుతారు. ఈ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. ఆఫీసర్లలో ప్రాంతాల మధ్య, వర్గాల మధ్య ఉన్న తేడా తగ్గాలనే 1961లో సైనిక్ స్కూళ్ళు మొదలుపెట్టారు. మన కోరుకొండ స్కూలు 1962లో వచ్చింది.

అయితే రాతపరీక్షలో మీరెవరో అడిగేవారు ఉండరు. గణితానికి 300, జనరల్ ఎబిలిటీకి 600 మార్కులు. అడిగేది ఆ తర్వాత సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు (ఎస్‌ఎస్‌బీ) ఇంటర్వ్యూలో, దానికి 900. అక్కడ నింపించే ఫారంలో తల్లిదండ్రుల చదువు, వృత్తి, ఆదాయం రాయాలి. మా దగ్గరికి వచ్చే పిల్లలు తడబడేది ఇక్కడే. నామోషీ పడి ‘బిజినెస్’ అని రాసేస్తారు. ఏం బిజినెస్, ఎంతమంది పనివాళ్ళు అని ఇంటర్వ్యూ అధికారి తీగ లాగేసరికి చెమటలు పడతాయి. మీవాడిని ‘టిఫిన్ బండి’ అనే రాయమనండి. తెల్లవారుజామున మీతో లేచి పిండి గిన్నెలు బండికెక్కించే పిల్లవాడైతే, ఎన్ని ప్లేట్లు పోతే గ్యాసు, మినప్పప్పు ఖర్చులు పోను ఎంత మిగులుతుందో అతనికి తెలిసే ఉంటుంది. ఆ లెక్క చెప్పగలిగితే బాధ్యత గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. ఎప్పుడూ బండి ముఖం చూడనివాడైతే మాత్రం చూసినట్టు చెప్పవద్దు, దొరికిపోతాడు.

నా భయమల్లా ఇంగ్లీషు గురించే. జనరల్ ఎబిలిటీ 600లో 200 దానివే. ఈఏపీసెట్ చదువుతో గణితం గట్టెక్కుతుంది, ఇంగ్లీషు గట్టెక్కదు. రోజూ ఒక ఇంగ్లీషు పేపరు చదివించండి, చదివింది పైకి చెప్పించండి.

అక్కడ ఇమడగలడా అన్న దిగులు వద్దు. ఎన్డీఏ ఉన్న ఖడక్‌వాస్లాలో కల్నల్ కొడుక్కైనా మీ కొడుక్కైనా అదే క్రాపు, అదే సైకిలు. ఫోర్కుతో తినడం నాలుగు రోజుల్లో వస్తుంది. శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే.

జవానుగా చేరినా దారి మూసుకుపోదు. సర్వీసులో ఉన్న జవాన్లు డెహ్రాడూన్‌లోని ఆర్మీ క్యాడెట్ కాలేజీ ద్వారా ఆఫీసర్లు అవుతున్నారు. ఇప్పుడు జవాన్లను తీసుకునే అగ్నివీర్ లెక్క వేరు. అది నాలుగేళ్ళ ఉద్యోగం, ఆ తర్వాత ఉంచుకునేది గరిష్ఠంగా 25 శాతం మందిని.

ఎన్డీఏ పరీక్ష ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. ఈఏపీసెట్ మాన్పించకండి, రెండూ రాయనివ్వండి. అన్నట్టు, మీ బావమరిదికి ఇంటర్ చదివే కూతురు ఉంటే ఆమె కూడా రాయవచ్చు. 2022 నుంచి ఎన్డీఏలో అమ్మాయిలనూ చేర్చుకుంటున్నారు, వారికి దరఖాస్తు ఫీజు కూడా లేదు.