పాఠకుల ప్రశ్నలు: క్లౌడ్ చదువు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నేను బి.కాం. చదివి, ఒక మందుల హోల్‌సేల్ దుకాణంలో నాలుగేళ్ళుగా బిల్లింగ్ చూస్తున్నాను. ట్యాలీ, ఎక్సెల్ బాగా వచ్చు, కోడింగ్ రాదు. క్లౌడ్ నేర్చుకుందామని అమీర్‌పేటలో ఒక డెమో క్లాసుకు వెళ్తే, మొదటి గంటలోనే ఈసీ2, ఎస్3, వీపీసీ, ఐఏఎం అంటూ పదాలు కురిపించారు. ఇంటికి వచ్చాక ఒక్కటీ గుర్తులేదు. నాబోటి వాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి? సర్టిఫికెట్ పరీక్ష ముందే రాయాలా?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వస్తువు చూపించకుండా పేరు మాత్రమే చెబితే ఎవరికీ గుర్తుండదు, కాబట్టి అది మీ లోపమని అనుకోకండి. పేర్లను కాసేపు పక్కన పెట్టి ముందు వ్యవహారం చూద్దాం. ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు అయిదు వందల కుర్చీలు కొనరు, టెంట్ హౌస్ నుంచి తెచ్చుకుంటారు. వాటిలో ఎవరైనా కూర్చున్నా, అవి మూలన పడి ఉన్నా, తిరిగి అప్పగించేదాకా అద్దె నడుస్తూనే ఉంటుంది. క్లౌడ్ కంపెనీలు కంప్యూటర్లతో చేసేది ఇదే వ్యాపారం. తమ డేటా సెంటర్లలోని యంత్రాలను ఇంటర్నెట్ ద్వారా గంటల లెక్కన, కొన్నిచోట్ల సెకన్ల లెక్కన అద్దెకిస్తాయి. అమెజాన్ 2006లో ఫైళ్ళు దాచుకునే చోటును ఎస్3 పేరుతోనూ, అదే ఏడాది సర్వర్లను ఈసీ2 పేరుతోనూ అద్దెకివ్వడం మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ వారి అజూర్ 2010లో అందరికీ అందుబాటులోకి వచ్చింది.

గుండిగలు, పొయ్యిలు మాత్రం అద్దెకు తెచ్చుకుని సరుకులు, వంటవాళ్ళు, వడ్డన అన్నీ మనమే చూసుకుంటే దాన్ని ఈ రంగంలో ఐయాస్ అంటారు. వంటశాల, నీళ్ళు, గ్యాసు అన్నీ సిద్ధంగా ఉన్న ఫంక్షన్ హాలుకు సరుకులతో వెళ్ళి వండుకుంటే పాస్ అవుతుంది. క్యాటరింగ్ వాళ్ళే వండి విస్తట్లో వడ్డించి పోతే సాస్. మీరు రోజూ వాడే జీమెయిల్ ఆ కోవలోదే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011లో ఇచ్చిన నిర్వచనంలో ఈ మూడు రకాలూ ఉన్నాయి. అదే నిర్వచనం క్లౌడ్‌కు చెప్పిన అయిదు ముఖ్య లక్షణాలలో ఒకటి, వాడకాన్ని కొలవడం. నాలుగేళ్ళుగా బిల్లులతో బతుకుతున్న మీకు ఆ ఒక్క లక్షణం ఇంజనీరింగ్ చదివిన కుర్రవాళ్ళకంటే తొందరగా వంటబడుతుందని నా నమ్మకం. అందుకే మిమ్మల్ని సర్వర్ దగ్గర కాక, బిల్లు పేజీ దగ్గర మొదలుపెట్టమంటాను.

అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ అనే మూడు పెద్ద కంపెనీలలో ఏదో ఒకటి చాలు. ఒకదానిలో చెయ్యి తిరిగితే మిగతా రెండింటిలో పేర్లు మారతాయే తప్ప పని మారదు. అమెజాన్‌నే తీసుకుంటే, యూట్యూబ్‌లోని పాత పాఠాలు 12 నెలలు ఉచితమని చెబుతాయి గాని, 2025 జూలై నుంచి కొత్త ఖాతాల పద్ధతి మారింది. ఇప్పుడు చేరగానే 100 డాలర్ల క్రెడిట్, కొన్ని అభ్యాసాలు పూర్తిచేస్తే మరో 100 డాలర్ల దాకా ఇస్తారు. ఉచిత ప్లాను ఆరు నెలలకో, క్రెడిట్ అయిపోయేసరికో ముగుస్తుంది. ఆ అభ్యాసాలలో బడ్జెట్ పెట్టుకోవడం కూడా ఒకటి కనుక మొదటి రోజునే అది చేయండి. అయితే బడ్జెట్ హెచ్చరిక ఈమెయిలు మాత్రమే పంపుతుంది, దానంతట అది సర్వర్‌ను ఆపదు. ఖాతా తెరిచిన రూట్ లాగిన్‌కు పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో వచ్చే కోడ్ కూడా అడిగేలా పెట్టి, రోజువారీ పనికి వేరే యూజర్‌ను సృష్టించుకోండి. దుకాణంలో గల్లాపెట్టె తాళం యజమాని దగ్గర ఉండి, కౌంటర్ తాళం మాత్రం మీ దగ్గర ఉన్నట్టు, ఎవరికి ఎంతవరకు అనుమతి అన్నది తేల్చే ఏర్పాటునే ఐఏఎం అంటారు.

ఆ తరువాత లైనక్స్ (విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే ఒక చిన్న సర్వర్ తీసుకుని, దానిలో మీ పేరు కనిపించే ఒక్క వెబ్ పేజీ పెట్టండి. అన్నీ సరిగ్గానే చేసినా బ్రౌజర్‌లో చిరునామా కొడితే చక్రం తిరుగుతూనే ఉండి, పేజీ రాదు. చాలామంది ఇక్కడే మూసేసి వెళ్ళిపోతారు, కాని అసలు పాఠం ఆ అరగంటలోనే ఉంది. సర్వర్ చుట్టూ సెక్యూరిటీ గ్రూప్ అనే కాపలా ఉంటుంది, ఇలాంటి కాపలానే ఫైర్‌వాల్ అంటారు. మీరు లాగిన్ కావడానికి 22వ నంబరు పోర్టు (పోర్టు అంటే సర్వర్‌లోకి వెళ్ళే నంబరు వేసిన తలుపు) తెరిచి ఉన్నా, వెబ్ పేజీకి కావలసిన 80వ పోర్టు మూసి ఉంటుంది. 80ని తెరవగానే పేజీ వస్తుంది. (అప్పటికీ రాకపోతే చిరునామా ముందు హెచ్‌టీటీపీఎస్ అని ఉందేమో చూడండి, దాని పోర్టు 443.) పనిలో పనిగా 22ను లోకమంతటికీ కాకుండా మీ ఇంటి ఐపీ చిరునామాకు (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే నంబరుకు) మాత్రమే తెరవండి. ఐపీ, పోర్టు, ఫైర్‌వాల్ అనే మూడు మాటలు ఆ అరగంట తరువాత మళ్ళీ మరిచిపోరు.

సర్వర్‌ను తిరిగి అప్పగించడం నేర్చుకోవడానికి నాకు ఒక నెల బిల్లు ఖర్చయింది. నేర్చుకునే రోజుల్లో రాత్రి పడుకునే ముందు సర్వర్‌ను స్టాప్ చేసి, అద్దె ఆగిపోయిందని నిశ్చింతగా ఉండేవాణ్ణి. నెలాఖరుకు బిల్లు తెరిస్తే సర్వర్ వరుసలో దాదాపు ఏమీ లేదు గాని, దాని డిస్క్, నేను విడిగా తీసిపెట్టుకున్న ఐపీ చిరునామా, రెండూ రోజుకు ఇరవై నాలుగు గంటల చొప్పున నిలబడి ఉన్నాయి. స్టాప్ అంటే షాపు షట్టరు దించడం, టెర్మినేట్ అంటే షాపు ఖాళీ చేయడం. అమెజాన్ 2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీవీ4 చిరునామా ఒక్కోదానికి గంటకు 0.005 డాలర్లు వసూలు చేస్తోంది. ఉచిత పరిమితి దాటాక అలా మరిచిపోయిన ఒక్క చిరునామా 30 రోజుల్లో 3.60 డాలర్లు తింటుంది. ప్రతి అభ్యాసం తరువాత బిల్లు పేజీలో సేవలవారీగా వివరం తెరిచి, ఒక్కో పద్దును మీరు సృష్టించినదానితో సరిపోల్చండి. స్టాక్ రిజిస్టరుతో ఇన్‌వాయిస్ సరిచూసే మీకు ఇది కొత్త పని కాదు.

పరీక్ష మాటకు వస్తే, అమెజాన్ క్లౌడ్ ప్రాక్టీషనర్ పరీక్షలో 90 నిమిషాల్లో 65 ప్రశ్నలు ఉంటాయి, 1000కి 700 రావాలి, రుసుము 100 డాలర్లు. బట్టీ పట్టి ఉత్తీర్ణులు కావచ్చు. కాని ఇంటర్వ్యూలో స్టాప్‌కు టెర్మినేట్‌కు తేడా అడిగితే బట్టీ నిలబడదు. ముందు ఒక నెల లైనక్స్ కమాండ్లు, మరో నెల పైన చెప్పిన అభ్యాసాలు చేసి, ఆ తరువాత రాయండి. శిక్షణ సంస్థలో చేరదలిస్తే, విద్యార్థి సొంత ఖాతాలో పని చేయిస్తారా, చివర అన్నీ తొలగించడం కూడా నేర్పుతారా అని అడిగాకే ఫీజు కట్టండి.

ప్రశ్న: నిన్న రాత్రి పెట్టిన సర్వర్ ఇవాళ కన్సోల్‌లో కనిపించడం లేదు. ఎవరైనా తొలగించారా? హైదరాబాదులోనే అమెజాన్ డేటా సెంటర్లు ఉన్నాయంటారు కదా, నేను దాన్ని ఎంచుకుని ఉండాల్సిందా?
— ఒక విద్యార్థి, ఉప్పల్

జవాబు: ఎవరూ తొలగించి ఉండరు. కన్సోల్‌లో, అంటే ఖాతాను నడిపే వెబ్ పేజీలో, పైన కుడివైపు ఉన్న ఊరి పేరు చూడండి; నిన్న ఉత్తర వర్జీనియా అని ఉండగా పెట్టి, ఇవాళ ముంబయి తెరిచి వెతుకుతున్నట్టుంది. ఆ ఊరి పేరుతో ఉన్న డేటా సెంటర్ల సముదాయాన్ని రీజియన్ అంటారు; ప్రతి రీజియన్‌లో సర్వర్ల జాబితా వేరు, ఒకదానిలోది మరొకదానిలో కనిపించదు. అమెజాన్‌కు ముంబయి రీజియన్ 2016 నుంచీ, మూడు అవైలబిలిటీ జోన్లతో (ఒకదానికొకటి విడిగా ఉండే డేటా సెంటర్ల గుంపులతో) హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరు నుంచీ ఉన్నాయి. అయితే హైదరాబాద్ రీజియన్‌ను ఖాతా సెట్టింగులలో మీరే ఎనేబుల్ చేసుకోవాలి, లేకపోతే వాడుకోవడం కుదరదు. మన ఊళ్ళోని వాడుకరులకు అమెరికా నుంచి జవాబు రావడానికి 200 మిల్లీసెకన్లకు పైనే పట్టవచ్చు కాబట్టి నిజమైన ప్రాజెక్టుకు దగ్గరి రీజియన్ మేలు. సాధన కోసమైతే ముంబయి చాలు, ఎందుకంటే కొత్త రీజియన్లలో కొన్ని సేవలు ఆలస్యంగా వస్తాయి. ముందు వర్జీనియాకు మారి ఆ సర్వర్‌ను టెర్మినేట్ చేయండి; మీకు కనిపించకపోయినా అది రాత్రంతా నడుస్తూనే ఉంది.