కళ్లంలోనే అమ్మేస్తే ఇంటికి గింజలేవి?

ప్రశ్న: మాది గోదావరి డెల్టాలో రెండెకరాల కౌలు సేద్యం. సార్వా (వానాకాలం పంట) ధాన్యమంతా కళ్లంలోనే అమ్మి, సంక్రాంతి దాటగానే బియ్యం కొనుక్కుంటున్నాం. తిండిగింజలు నిలుపుకోవడం ఎలా?

జవాబు: కౌలు, ఎరువుల బాకీ, కోతమిషను కిరాయి అన్నీ కోతల వారంలోనే మీద పడతాయి కనుక మీరు అమ్మక తప్పడం లేదు, ఇది మీ తప్పు కాదు. అయినా ముందుగా ఇంటి గింజలు పక్కన పెట్టండి. డెబ్భై అయిదు కిలోల బస్తా ఆడిస్తే సుమారు 50 కిలోల బియ్యం వస్తుంది. నలుగురికి అది దాదాపు నెల తిండి. రేషను బియ్యం కూడా అందుతుంది కాబట్టి దాళ్వా (రెండో పంట) కోతల వరకు మూడు నాలుగు బస్తాలు చాలు. గింజను పంటి కింద నొక్కితే టక్కున విరిగేదాకా ఎండబెట్టి, గోడకు తగలకుండా చెక్కలపై పేర్చండి.

మిగిలినది అమ్మేటప్పుడు తేమ 17 శాతం మించనివ్వకండి. సాధారణ రకానికి 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే బస్తాకు సుమారు 1,777. తేమ సాకుతో దళారి కోసేది ఇందులోనే. రెండు రోజులు ఆరబెట్టడానికి టార్పాలిన్ అద్దెకు తెచ్చుకున్నా నష్టం లేదు.