ప్రాణం పోతుంటే ట్రయల్ ఎందుకు, మందు ఇచ్చేయొచ్చు కదా?

నిపా, ఎబోలా లాంటి వైరస్‌లు వచ్చినప్పుడు చేతిలో ఉన్న కొత్త మందును నేరుగా రోగులకు ఇవ్వకుండా ట్రయల్స్ అంటూ ఎందుకు ఆపుతారని అడిగారు. కోపంలో అడిగినా సరైన ప్రశ్నే.

2020లో హైదరాబాద్‌లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ప్లాస్మా ట్రయల్‌కి కోఆర్డినేటర్‌గా పనిచేశాను. కోవిడ్ రోగుల ఇంటివాళ్లతో మాట్లాడి సంతకం తీసుకోవడం నా పని. సగం మందికి మామూలు వైద్యంతో పాటు కోలుకున్నవాళ్ల ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం), మిగతా సగానికి మామూలు వైద్యం ఒక్కటే. ఎవరు ఎటు పడతారన్నది లాటరీలా తేలుతుంది, డాక్టర్ చేతిలో కూడా ఉండదు. ఒకబ్బాయి, "మేడమ్, మా నాన్న పేరు ప్లాస్మా వైపు రాసెయ్యండి, మీరు రాస్తే అయిపోతుంది కదా" అని బతిమాలాడు. అలా రాయడానికి వీల్లేదని చెప్పడం చాలా కష్టమైంది. ప్లాస్మా పనిచేస్తుందని నాకూ లోపల గట్టి ఆశ ఉండేది.

దేశమంతటా 39 ఆస్పత్రుల్లో 464 మంది మీద చేశాక తేలింది ఏమిటంటే, జబ్బు ముదరడంలో గానీ, చావుల్లో గానీ తేడా లేదు. ఆ ఫలితం 2020 అక్టోబరులోనే వచ్చింది. అయినా 2021 రెండో వేవ్‌లో జనం ప్లాస్మా కోసం వాట్సాప్ గ్రూపుల్లో వేడుకుంటూ పరుగులు పెట్టారు. కోవిడ్ చికిత్స మార్గదర్శకాల్లోంచి దాన్ని తీసేసింది మే నెలలో. ఆ ఏడు నెలలు తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఎబోలాలో ఇలా పోల్చి చూసే పద్ధతి ప్రాణాలు నిలబెట్టింది. 2014-16లో పశ్చిమ ఆఫ్రికాలో పదకొండు వేల మందికి పైగా చనిపోయారు. అప్పుడు జీమ్యాప్ అనే మందు మీద అందరికీ ఆశ. కానీ ట్రయల్ మొదలయ్యేసరికి కేసులు తగ్గిపోయి, 72 మంది మాత్రమే దొరికారు. ఏమీ తేలలేదు. 2018లో కాంగోలో మళ్లీ వచ్చినప్పుడు మాత్రం ఎబోలా చికిత్సా కేంద్రాల్లోనే నాలుగు మందులను పక్కపక్కన పెట్టి 681 మంది మీద పరీక్షించారు. జీమ్యాప్ తీసుకున్నవాళ్లలో దాదాపు సగం మంది పోయారు, రెమ్‌డెసివిర్‌తో అంతకంటే కాస్త ఎక్కువే. రెండు కొత్త యాంటీబాడీ (వైరస్‌ను అడ్డుకునే ప్రొటీన్) మందులు తీసుకున్నవాళ్లలో మాత్రం దాదాపు మూడోవంతు మందే పోయారు. వాటిలో ఒకటి 1995లో కాంగోలోని కిక్విట్‌లో వచ్చిన ఎబోలా నుంచి బతికి బయటపడిన మనిషి రక్తం నుంచి పుట్టింది! పోల్చి చూడకపోయుంటే డాక్టర్లు మంచి మనసుతో జీమ్యాపే ఇస్తూ ఉండేవాళ్లు.

నిపా సంగతి ఇంకా కష్టం. 2018లో కేరళలోని కోజికోడ్, మలప్పురం ప్రాంతాల్లో 17 మంది చనిపోయారు, రోగులకు సేవ చేసిన నర్సు లినితో సహా. ఆస్ట్రేలియా నుంచి ఎం102.4 అనే యాంటీబాడీ తెప్పించారు. అక్కడ 40 మంది ఆరోగ్యవంతుల మీద పరీక్షించి, హాని లేదని చూశారు. జబ్బును తగ్గిస్తుందా అన్నది తేలాలంటే రోగులు కావాలి. 2023లో కోజికోడ్‌లో వచ్చిన కేసులు ఆరే. అందుకే ట్రయల్ ప్లాను, ఎథిక్స్ కమిటీ అనుమతులు, మందు నిల్వ, నర్సుల ట్రైనింగ్ కేసు రాకముందే సిద్ధంగా ఉండాలి, నిపా తరచూ వచ్చే బంగ్లాదేశ్‌తో కలిపి. వచ్చాక ఫైళ్లు కదిలించడం మొదలుపెడితే ఆ కొద్దిమందీ చేజారిపోతారు.

మీ ఇంట్లో ఎవరినైనా ట్రయల్‌లో చేరమంటే మూడు విషయాలు అడగండి: మందు రాని గ్రూపుకు ఏ వైద్యం చేస్తారు, హాని జరిగితే ఖర్చు ఎవరిది, మధ్యలో మానేసినా మామూలు వైద్యం కొనసాగుతుందా. జవాబులు మీ భాషలో రాసి ఉన్న కాగితం చేతికి వచ్చాకే సంతకం పెట్టండి.