కొత్త పరాన్నజీవి కందిరీగ జాతిని ఎవరైనా ఆమోదించాలా?

అవసరం లేదు; ఇతర జాతుల నుంచి దాన్ని వేరుచేసే లక్షణాలను వివరించి, ఆ పేరుకు ఆధారమైన నమూనాను, అంటే హోలోటైప్‌ను, అది భద్రపరిచిన సంగ్రహాలయాన్ని పేర్కొంటూ నియమబద్ధంగా ప్రచురిస్తే పేరు చెల్లుతుంది. వర్ణన ఇద్దరికి రెండు రకాలుగా అర్థం కావచ్చు గానీ, సూదికి గుచ్చి దాచిన కందిరీగను ఎవరైనా మళ్లీ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసుకోవచ్చు.

ఉదాహరణకు, కోస్టారికాలోని గ్వానకాస్తే సంరక్షణ ప్రాంతంలో గొంగళిపురుగులను పెంచి, వాటి లోపల పెరిగి వెలువడిన అపాంటెలిస్ అనే ప్రజాతి కందిరీగల స్వరూపాన్ని, డీఎన్‌ఏ బార్‌కోడ్‌ను, అంటే జాతిని గుర్తించడానికి చూసే చిన్న డీఎన్‌ఏ భాగాన్ని, అవి ఆశించిన పురుగును కలిపి పరిశీలించి, 2014లో 186 కొత్త జాతులను వర్ణించారు.

అంతర్జాతీయ జంతు నామకరణ సంఘం ప్రతి కొత్త జాతికీ ముద్ర వేస్తుందన్నది అపోహ. అది నియమాలు రూపొందిస్తుంది, పేర్ల వివాదాలు తీరుస్తుంది, అంతే. కందిరీగ నిజంగా కొత్తదా అన్నది తర్వాతి పరిశోధకులే తేలుస్తారు, పాత జాతేనని రుజువైతే కొత్త పేరు పర్యాయనామంగా, అంటే అదే జాతికి పెట్టిన మరో పేరుగా, మిగులుతుంది.