జోరీగనూ గబ్బిలాన్నీ పోల్చబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. జోరీగ పగలు తిరుగుతుందని, గబ్బిలం రాత్రి తిరుగుతుందని, దీనికి తోలు రెక్కలని, దానికి పొర రెక్కలని రెండు పేజీలు రాశావు. అవన్నీ నిజాలే గాని, ఈ రెండింటినీ ఒకచోటికి ఎందుకు తెచ్చావో మాత్రం పాఠకుడికి అందలేదు. పోల్చాలంటే రెండింటినీ కలిపే ముడి ఒకటి ఉండాలి. ఇక్కడ ఆ ముడి సర్రా వ్యాధి, అంటే గుర్రాలకు, ఒంటెలకు, పశువులకు నెత్తుటిలో సూక్ష్మజీవి చేరి వచ్చే జబ్బు.

సర్రాకు కారణమైన ట్రిపనోసోమా ఇవాన్సై అనే సూక్ష్మజీవిని బ్రిటిష్ పశువైద్యుడు గ్రిఫిత్ ఇవాన్స్ 1880లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న డేరా ఇస్మాయిల్ ఖాన్ దగ్గర గుర్రాల, ఒంటెల రక్తంలో కనిపెట్టాడు. మన పశువుల్లో దాన్ని ముఖ్యంగా జోరీగలు వ్యాపింపజేస్తాయి. లాటిన్ అమెరికాలో వాటికి తోడు రక్తం తాగే గబ్బిలం, డెస్మోడస్ రోటండస్, కూడా ఆ పని చేస్తుంది.

నువ్వు నిలిచి రాయవలసింది ఆ రెండు కాట్ల గురించే. జోరీగల్లో కుట్టేవి ఆడవే, అవీ గుడ్ల కోసమే. కత్తుల్లాంటి నోటిభాగాలతో తోలు కోసినప్పుడు పుట్టే మంటకు గేదె తోక విసిరి తరిమేస్తుంది. కడుపు నిండని ఈగ నోటికంటిన తడి నెత్తురుతోనే పక్క గేదె మీద వాలుతుంది. సూక్ష్మజీవి దానిలో పెరగదు, కాసేపు దాని నోటిమీద ప్రయాణం చేస్తుందంతే. గబ్బిలం మాత్రం ఎనామిల్ అనే గట్టి పైపొర లేనందువల్ల ఎప్పుడూ పదునుగా ఉండే ముందుపళ్లతో, పడుకున్న ఆవు తోలును కొద్దిగా గీరి, తన లాలాజలం గడ్డకట్టనివ్వని నెత్తుటిని తీరిగ్గా నాకుతుంది. చాలాసార్లు ఆవుకు మెలకువైనా రాదు. సూక్ష్మజీవి ఆ గబ్బిలం ఒంట్లోనే పెరిగి లాలాజలంలోకి చేరుతుంది, కొన్ని గబ్బిలాలు ఆ జబ్బుతోనే చచ్చిపోతాయి కూడా. ఒకచోట మంటపుట్టడమే వ్యాధిని మోస్తుంటే, మరోచోట మంట తెలియకపోవడం మోస్తోంది. నీ వ్యాసానికి ప్రాణం ఈ వాక్యంలో ఉంది.

ఇంకొకటి తప్పక రాయి: రక్తం తాగే గబ్బిలాలు మన దేశంలో లేవు. మన పాడుబడ్డ గుళ్లలో ఉండే పెద్ద చెవుల గబ్బిలానికి ఇంగ్లీషులో ఫాల్స్ వాంపైర్ అనే పేరున్నా, అది పురుగులను, కప్పలను, ఎలుకలను వేటాడి తింటుంది. ఈ మాట మొదటి పేజీలోనే రాకపోతే, నీ వ్యాసం చదివినవారు ఏ పాపం ఎరుగని ఆ ప్రాణులకు పొగ పెట్టవచ్చు. అది నాకు నిజంగా భయం.

రెక్కల పేరాలు తీసేయి. ఒక మధ్యాహ్నం పశువుల పాకలో నిలబడి, గేదె తోక విసిరాక జోరీగ ఎటు పోతుందో చూసి, అక్కడి నుంచి మొదలుపెట్టి రాసి పంపు.